తాబేలు చెప్పాల్సిన మాట

మా వీధిలో డ్వేన్ హాల్వర్సన్‌ని తిట్టుకునేదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అందరికీ ఆయన దేవుడు. ఏళ్ల తరబడి హైస్కూలు ఫుట్‌బాల్ ఆటలకి మైకు పట్టుకుని అరిచిన మనిషి. రిటైరయ్యాక ఆ మైకు లేని లోటు మా చెవుల మీద తీర్చుకుంటున్నాడు. మంచు పడితే ముసలివాళ్ల వాకిళ్లలో తనే ఎత్తిపోస్తాడు. చర్చిలో పాన్‌కేకులు తనే వేస్తాడు. "అంత మంచాయన మీద నీకెందుకే అంత కక్ష?" అని మా అమ్మ ఫోన్‌లో అడిగితే ఠక్కున పెట్టేశాను. చెడ్డవాడు తప్పు చేస్తే నలుగురూ మన పక్కన నిలబడతారు. మంచివాడు చేస్తే మనమే గయ్యాళులమవుతాం. నేను ఏడాదిగా ఈ వీధిలో గయ్యాళిని.

నా పేరు కెండ్రా. కిరాణా షాపు బేకరీలో కేకుల మీద పువ్వులూ పేర్లూ వేస్తాను. హెట్టీ నా కూతురు, తొమ్మిదేళ్లది. తెలివైంది, మొండిది, నా ముక్కు మీది కోపం దాని ముక్కు మీదికీ దిగింది. దానికి నత్తి. అన్ని మాటలకీ కాదు. పెదవులు మూస్తేగానీ పలకని మాటల దగ్గరే దాని పెదవులు అతుక్కుపోతాయి. వానాకాలం తలుపు బిగుసుకున్నట్టు. కాసేపు ఆగితే తెరుచుకుంటుంది. ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మంచిదేనండీ, తెరుచుకోవడానికి కాస్త టైం పడుతుందంతే అంటే ఏ ఊరూ వినదు.

మా డెమోయిన్ ఊళ్లో హాలోవీన్ పండక్కి మిఠాయి ఊరికే రాదు. మిగతా దేశంలో పిల్లలు తలుపు కొట్టి సంచీ చాపితే చాలట. మా దగ్గర ముందురోజు సాయంత్రమే పిల్లలు వేషాలేసుకుని బయల్దేరతారు. దానికి బిచ్చాల రాత్రి అని పేరు. గుమ్మంలో నిలబడి జోకు చెప్పాలి. చెప్తేనే మిఠాయి. ఇది మా ఊరి ముచ్చట అని పెద్దవాళ్లంతా మురిసిపోతారు. నేనూ చిన్నప్పుడు మురిసినదాన్నే. ఇప్పుడు నాకది ఇంటింటికీ పెట్టే పరీక్షలాగే కనిపిస్తుంది.

హాల్వర్సన్ ఇంటి ముందు ప్రతి ఏడూ పెద్ద లైను. అందరూ వేలెడంత చాక్లెట్లు పెడితే ఆయన పూర్తి సైజు బార్లు పెడతాడు. వరండాలో మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో ఆవు మెడగంట పెట్టుకుని కూర్చుంటాడు. జోకు బాగుంటే గంట కొడతాడు. ఆ గంట మోగితే పిల్లలకి స్వర్గం. పక్కనే వాకిట్లో మంట వేసుకుని, వేడివేడి చిల్లీ కూర గిన్నెలు పట్టుకుని పెద్దవాళ్లు చోద్యం చూస్తుంటారు.

పోయినేడు హెట్టీ మంత్రగత్తె వేషం వేసింది. టోపీ కొన్నదే. జోకు కూడా ఆ ఏడు ఊళ్లో పిల్లలంతా చెప్పిందే. మంత్రగత్తె విమానం ఎందుకెక్కదు? చీపురుకి కూడా టికెట్ అడుగుతారని. వారం రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేసింది. లైనులో దాని వంతు వచ్చింది. మెట్టెక్కి, గడ్డం పైకెత్తి మొదలుపెట్టింది.

"మ్... మ్..."

పెదవులు బిగుసుకున్నాయి. ఇంకో రెండు ఊపిర్లలో తెరుచుకునేవి. నాకు తెలుసు, నేను దాని తల్లిని.

"మంత్రగత్తె విమానం ఎందుకెక్కదు!" అన్నాడు హాల్వర్సన్, మైకులో అరిచినట్టు. "చీపురుకి టికెట్ అడుగుతారని! భేష్ తల్లీ, భేష్!" అని తనే గంట కొట్టి, సంచీలో చాక్లెట్ పడేసి, "తర్వాత ఎవరు?" అన్నాడు.

మంట చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ప్రేమగానే నవ్వారు, అదే నాకు ఒళ్లు మండించింది. హెట్టీ ఇంకా అక్కడే నిలబడి ఉంది, నోరు సగం తెరిచి. దాని మాట అప్పుడే వచ్చింది, "...మంత్రగత్తె" అని. అప్పటికి వెనకాల ఉన్న సూపర్ హీరో వేషం కుర్రాడు దాన్ని పక్కకి నెట్టి మెట్టెక్కాడు.

ఇంటికి రాగానే హెట్టీ ఆ చాక్లెట్ బారు చెత్తడబ్బాలో వేసి పోయి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పనికి పోతూ ఆయన వాకిట్లో కారు ఆపాను. రాలిన ఆకులు పోగుచేస్తున్నాడు.

"నిన్న నా కూతురి జోకు మీరెందుకు చెప్పారండీ?" అన్నాను.

నవ్వాడు. "ఆ చీపురు జోకా? నిన్న ఊరంతా చెప్పిందదేనమ్మా. వినీ వినీ నా నోటికొచ్చేసింది."

"మీ నోటికి రావడం కాదు. దాని నోట్లోంచి రావాలి."

"చూడు కెండ్రా, వెనకాల అంత లైను. పాపం, పిల్ల అందరి ముందూ అవస్థ పడుతుంటే చూడలేకపోయాను. కాస్త సాయం చేశా."

"సాయం అడిగిందా అది?"

"అడగాలా ఏంటి? పాపం..."

"ఇంకోసారి పాపం అన్నారంటే ఈ ఆకులన్నీ తిరిగి మీ వాకిట్లో పోస్తా!"

ఆయనకి కోపం రాలేదు. అదీ దరిద్రం. "నీకు నిద్ర సరిపోయినట్టు లేదమ్మా. లోపలికి రా, కాఫీ తాగుదువుగాని," అన్నాడు. కాఫీ! ఆకుల పోగుని ఒక్క తన్ను తన్ని కారెక్కాను. సాయంత్రానికి వీధంతా తెలిసింది. పాపం హాల్వర్సన్, సాయం చేయబోతే తిట్లు తిన్నాడని. పాపం అనే మాట చివరికి ఆయనకే దక్కింది.

ఆ తర్వాత హెట్టీ బడిలో చేయెత్తడం మానేసింది. షాపులో ఏం కావాలో వేలితో చూపించేది. టీచరమ్మ పిలిచి, "ఈమధ్య చాలా బుద్ధిగా ఉంటోందండీ," అంది. నోరు మూసుకుంటే బుద్ధి. ఆవిడతోనూ తగువు పెట్టుకున్నాను.

ఇక ఈ పండగ జోలికి పోదనే అనుకున్నాను. బడులు తెరిచిన కొత్తలో ఓ రాత్రి భోజనం దగ్గర, మాకరోనీ కెలుకుతూ, తనే అంది.

"ఈసారి నాది తాబేలు వేషం."

ఫోర్కు నోటి దగ్గరే ఆగిపోయింది నాకు. "వెళ్తావా?"

"వెళ్తా."

"వెళ్దువుగాని. తాబేలేంటే మరీ? డ్రాగనో, వ్యోమగామో, ఇన్నుండగా?"

"తాబేలే. ఎందుకంటే... దానికి ఓ... మ్..."

"డొప్ప ఉంటుంది, లోపల దాక్కోవచ్చు. అర్థమైందిలే," అన్నాను.

నా వైపు ఓ చూపు చూసి, ప్లేటు ముందుకి తోసేసి లేచిపోయింది. ఆకలి లేదేమో అనుకున్నాను.

మర్నాటి నుంచీ నా కోపమంతా ఆ వేషంలో పోశాను. వీధి వీధంతా నోరెళ్లబెట్టాలి, అదీ నా పంతం. హాల్వర్సన్ నోరైతే మరీను. మంచు మీద జారే గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం ఒకటి గ్యారేజీలో ఉంది. దాన్ని బోర్లించి, పైన కోళ్లగూటి తీగ వల గుమ్మటంలా వంచి, పాత పేపర్లు మైదా జిగురులో ముంచి పొర మీద పొర అతికించాను. ఆరాక ఇటుకంత గట్టిగా అయింది. డొప్ప మీది పలకలు యోగా చాపలోంచి కోశాను. ఒక్కో పలక మీద చుట్లు చుట్లుగా గీతలుంటాయి చూడండి, అవి గీయడానికి కిటికీ సందులు పూడ్చే సీలెంటుని కేకు కోన్‌లో నింపి, బేకరీ నుంచి తెచ్చిన నాజిల్‌తో వేశాను. పెళ్లి కేకుకి కూడా అంత ఓపిగ్గా వేయలేదు. తాబేళ్లు రెండు మూడు రకాలున్నాయి మా నదిలో. హెట్టీ కావాలన్నది కొరికే రకం. దాని ముక్కు కొక్కెంలా ఉంటుంది, చేయి పెడితే వేలు పోతుంది. పాత సైకిల్ హెల్మెట్టుకి ఆ ముక్కు చేసి అతికించాను. నాకా ముక్కంటే చాలా ఇష్టం.

మా తమ్ముడు లైల్ ఆదివారాలు వచ్చి వల వంచిపెట్టేవాడు. పని కన్నా నోరెక్కువ వాడికి.

"అక్కా, ఇది వేషమా, వరండానా? మొయ్యడానికి పిల్ల చాలదు, గాడిద కావాలి."

"నువ్వున్నావుగా. నోర్మూసుకుని వంచు."

"హాల్వర్సన్ మీద కోపమంతా నా వేళ్ల మీద తీర్చుకుంటున్నావే నువ్వు."

"ఆయనవి దొరికేదాకా నీవే."

చీటీల ఆలోచన నాదే. డొప్పకి ముందువైపు, పొట్ట పలక మీద ఒక సందు. లోపల కాఫీ డబ్బా, దానికి చెక్క గరిటె పిడి. పిడి తిప్పితే డబ్బా తిరుగుతుంది, సందులోంచి ఒక చీటీ జారి పడుతుంది. చీటీ మీద జోకు. వేషమే జోకు చెప్తుంది, పిల్ల నోరు తెరవాల్సిన పని లేదు. ఎవడు సాయం చేస్తాడో చేయమనండి చూద్దాం! పిడి తిరగడానికి లైలూ నేనూ రెండు ఆదివారాలు కుస్తీ పట్టాం. మొదటి చీటీ సరిగ్గా జారిపడ్డప్పుడు గ్యారేజీలో గంతులేశాను.

"హెట్టీ! ఇలా రా, చూడు! ఇక నువ్వు ఒక్క మాట మాట్లాడక్కర్లేదు!"

అది వచ్చి చూసింది. పిడి ఒకసారి తిప్పింది. "నాకొద్దమ్మా. నేనే..."

"నువ్వే తిప్పక్కర్లేదే, వాళ్లే తిప్పుకుంటారు. అదే తమాషా."

పిడి వదిలేసి పెరట్లోకి పోయింది. ఆ రోజుల్లో సాయంత్రాలు పెరట్లోనే ఉండేది, మా కుక్క గ్రేవీతో ఏవో ఊసులాడుతూ. నేను తలుపు తీయగానే ఆపేసేది. కుక్క మాత్రం దాని ఎదురుగా తోకాడిస్తూ కూర్చునే ఉండేది. దానికి పోవాల్సిన ఊరేం లేదు కదా.

బిచ్చాల రాత్రి రానే వచ్చింది. ఎముకలు కొరికే చలి. లావు కోటు మీద డొప్ప కడితే పట్టీలు సరిపోలేదు, మా ఇద్దరి బెల్టులూ కలిపి కట్టాను. ఆకుపచ్చ మంచు ప్యాంటు, గోళ్లున్న గ్లవ్వులు, కొక్కెం ముక్కు హెల్మెట్టు. తలుపులోంచి పక్కకి తిరిగితేగానీ బయటికి రాలేకపోయింది. వాకిట్లో దీపం కింద నిలబడితే, అబద్ధమెందుకు, నా కళ్లే నమ్మలేదు. నదిలోంచి లేచి వచ్చినట్టుంది.

మొదటి ఇంటి నుంచే గోల. "కెండ్రా! ఇది నువ్వే చేశావా? ఆగు, ఫొటో తీస్తా!" "ఏమండోయ్, ఇటు రండి, తాబేలు చూడండి!" "మరి కుందేలేదీ?" అని ప్రతి గుమ్మంలోనూ ఎవడో ఒకడు, తనొక్కడికే తట్టినట్టు. పిడి తిప్పేవాళ్లు. చీటీ తీసి తామే పైకి చదువుకుని తామే నవ్వేవాళ్లు. ఇంకోసారి తిప్పొచ్చా అని నన్ను అడిగేవాళ్లు. నన్ను! సీలెంటు ఏ కంపెనీది, డొప్ప బరువెంత, పిల్లకి చలేయదా, అన్నీ నన్నే. హెట్టీ తల మీదుగా మాటలు అటూ ఇటూ పోయేవి. నాకు గర్వంగానే ఉంది. కాదనను. ఏడాది పాటు గయ్యాళి అనిపించుకున్నదానికి ఆ పొగడ్తలు చల్లగా తగిలాయి.

వీధి మలుపు దగ్గర హెట్టీ ఆగిపోయింది.

"ఏమే, కాళ్లు నొప్పా?"

హెల్మెట్టు పైకి తోసింది. మొహం చూస్తే కందగడ్డలా ఉంది. ఏడుపు కాదు, కోపం. నా కోపం నాకే ఎదురుగా నిలబడింది.

"ఒక్కళ్లు కూడా నాతో మాట్లాడలేదు."

"అందరూ నిన్నే చూస్తున్నారు కదే!"

"డొప్పని చూస్తున్నారు. చీటీతో... మ్... మాట్లాడుతున్నారు. నేను లోపల లేకపోయినా వాళ్లకి తెలీదు. గ్రేవీని కూర్చోబెట్టినా..."

"సరిపోతుందంటావా?" అన్నాను.

"చూడు! మ్... మళ్లీ!" అని అరిచింది. వీధి ఉలిక్కిపడేలా అరిచింది. "నువ్వూ అంతే! ఆయనా అంతే! ఆయన ఒక్కసారి చేశాడు, నువ్వు రోజూ!"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. రెండు నెలలు! వేళ్లు కోసుకుని, జిగురు గోక్కుని, తమ్ముడితో తిట్లు తిని! "ఎవరికోసమే ఇదంతా? ఎవరికోసం చేశాననుకున్నావు? నీకు కష్టం లేకుండా ఉండాలనేగా!"

"నేను అడిగానా?"

ఆ ప్రశ్న నాదే. ఆకుల పోగు పక్కన నిలబడి ఆయన్ని అడిగింది. ఇంట్లో ఎన్నిసార్లు పళ్లు కొరుకుతూ చెప్పుకుని ఉంటానో, అది విని పెట్టుకుంది.

హెట్టీ గోళ్ల గ్లవ్వు తీసి, పొట్ట దగ్గరి చెక్క గరిటె పట్టుకుని మెలిపెట్టింది. ఒకసారి, రెండోసారి. ఫట్‌మని విరిగింది. విరిగిన గరిటె నా చేతిలో పెట్టింది.

"నా దగ్గర జోకుంది."

"ఏ జోకు?"

"నేను తయారు చేశా. తాబేలు జోకు. అందుకే తాబేలు."

"సరే," అన్నాను. "ముందు నాకు చెప్పు. ఒకసారి విని..."

"చెప్పను. చెప్తే నువ్వు పూర్తి చేసేస్తావు. ఇది ఎవరికీ తెలీదు. తెలీకపోతే ఎవ్వరూ లాక్కోలేరు."

హెల్మెట్టు దించుకుని ముందుకి నడిచింది. నేను గరిటె పట్టుకుని వెనక నడిచాను. తప్పంతా నాదేనని ఆ క్షణంలో ఒప్పుకున్నానా అంటే లేదు. గొణుక్కుంటూనే నడిచాను. నడవడం మాత్రం వెనకే నడిచాను.

హాల్వర్సన్ ఇంటి ముందు ఎప్పటిలాగే లైను, మంట, చిల్లీ గిన్నెలు. లైల్ కూడా గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాడు. మా తాబేలు కబురు మాకంటే ముందే వచ్చేసినట్టుంది. హెట్టీ మెట్టెక్కేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వచ్చిందండోయ్, చీటీల తాబేలు! ఏదీ, ఆ పిడి ఏదీ? నేనూ ఒకటి తిప్పుతా!" అని పొట్ట దగ్గర వెతికాడు.

"చీటీ లేదు," అంది హెట్టీ. "నేనే చెప్తా."

ఆయన మొహంలో నవ్వు తగ్గలేదుగానీ, కళ్లు ఒకసారి లైను వైపు పోయి వచ్చాయి. "కానీ తల్లీ," అన్నాడు.

"ఒకాయన ఇంట్లో కూర్చున్నాడు. ఎవరో... బ్... బ్..."

"బాంబు వేశారు?" అన్నాడు హాల్వర్సన్.

కాదన్నట్టు తలూపింది. "బ్..."

"బాతు? బాతు వచ్చింది!"

లైనులో ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఈసారి నవ్వు హెట్టీ మీద కాదు.

"బెల్లు కొట్టారు," అంది హెట్టీ. "తలుపు తీసి చూస్తే ఓ తాబేలు. ఆ తాబేలు, 'అయ్యా, మ్... మ్...'"

ఇక్కడ ఆయన నా వైపు చూశాడు, అందించమన్నట్టు. ఏడాదిగా ఈ మనిషికి చెప్పడానికి ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నానో. వాటన్నిటికంటే కమ్మగా ఉంది అప్పుడు నేనన్నది.

"నాకూ తెలీదండి," అన్నాను.

ఆయనకి ఆగడం తప్ప దారి లేకపోయింది. చేతిలో గంట ఊగుతోంది.

"'...మీ' అంది తాబేలు. అంతే. ఆయనకి విసుగొచ్చింది. దాన్ని ఎత్తి ట్రక్కులో వేసుకుని, కౌంటీ దాటించి, మొక్కజొన్న చేలో వదిలేసి వచ్చాడు."

ఊళ్లో ట్రక్కులున్న మగాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు మీది తాబేలుని ఎత్తి అవతల పడేసినవాళ్లే. మంట దగ్గర గట్టిగా నవ్వారు. హాల్వర్సన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "భేష్!" అని గంట పైకెత్తాడు.

"అయిపోలేదు," అంది హెట్టీ.

గంట గాల్లోనే ఆగింది. నవ్వులు కూడా ఒక్కొక్కటే ఆగాయి. వెనకాల పోయినేడు సూపర్ హీరో, ఈ ఏడు పోలీసు వేషం వేసిన కుర్రాడు, "తొందరగా," అన్నాడు. ఎవడూ వాడి మాట పట్టించుకోలేదు. కథ మధ్యలో ఉంది, చివర ఎవడికీ తెలీదు. తెలిసింది తొమ్మిదేళ్ల పిల్లకొక్కదానికే.

"ఏడాది అయింది. మ్... మళ్లీ బెల్లు మోగింది. తలుపు తీస్తే అదే తాబేలు. నడుచుకుంటూ వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. ఆయన వైపు చూసి అంది..."

పెదవులు బిగుసుకున్నాయి. నేను చూసినవాటిలోకెల్లా పెద్ద బిగింపు అది. మెడ నరాలు లేచాయి, హెల్మెట్టు ముక్కు వణుకుతోంది. మంట చిటపటలు వినిపిస్తున్నాయి. చేతిలో గరిటె ముక్క ఎంత గట్టిగా పట్టుకున్నానో, పేడు అరచేతిలో దిగింది. నా నోటికి ఏదో ఒక మాట కావాలి, ఏదైనా సరే, ఆ నిశ్శబ్దంలో పడేయడానికి. దొరకలేదు. నాకు దొరకనివ్వలేదు అది.

"'...బూటు లేసు ఊడింది.'"

హాల్వర్సన్ వంగి తన కాళ్లకేసి చూసుకున్నాడు.

ఆయన వేసుకున్నవి రబ్బరు బూట్లు. వాటికి లేసులే లేవు.

ముందు లైల్ నోట్లోని చిల్లీ బయటికొచ్చింది. ఆ తర్వాత వరండా, వాకిలి, లైను, అంతా పగలబడి నవ్వింది. ఆ పోలీసు కుర్రాడు మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. హెట్టీ నవ్వలేదు. జోకు చెప్పినవాళ్లు నవ్వకూడదని దానికి తెలుసు. హెల్మెట్టు పైకి తోసి, చెమట పట్టిన మొహంతో ఆయన్నే చూస్తూ నిలబడింది.

ఆయన కూడా నవ్వుతూ తలెత్తాడు. దాని మొహం చూశాడు. నవ్వు ముందు కళ్లలో పోయింది, తర్వాత నోట్లో. ఏడాది అన్న మాట అప్పటికి తగిలినట్టుంది. గంట కొట్టలేదు. కుర్చీలో పెట్టేశాడు.

"హెట్టీ," అన్నాడు. "పోయినేడు నేను..."

ఆగిపోయాడు. మైకు పట్టుకుంటే గుక్క తిప్పుకోని మనిషి. నోరు తెరిచాడు, మూశాడు. "ఇక్కడే, నువ్వు... నేను నిన్ను..." మళ్లీ ఆగాడు.

ఆయనకి కావలసిన మాట నా నాలుక చివరన ఉంది. ఒకటి కాదు, పది ఉన్నాయి. నోటికి తాళం వేశాడు, పరువు తీశాడు, మాట దొంగిలించాడు, ఏది కావాలంటే అది. ఏడాది నుంచి నూరి పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను.

గోళ్ల గ్లవ్వు ఒకటి వచ్చి నా చేయి పట్టుకుంది. నొప్పెట్టేలా పట్టుకుంది.

"ఏంటి సార్, కానివ్వండి! లైనుంది!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

హెట్టీ మొత్తం డొప్పతో సహా వెనక్కి తిరిగింది. వరండా స్తంభానికి తగిలి ఒక పలక ఊడి కింద పడింది.

"ఆయన్ని చెప్పనివ్వండి," అంది. తర్వాత ముందుకి తిరిగి, చేతులు కట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు నిలబడింది. నేను కూడా నోరు మూసుకుని నిలబడ్డాను.